తిరిగొచ్చిన మిఠాయిలు

సాయంత్రం ఆరింటికి ఫైర్ స్టేషన్ సైరన్ మోగితే పిల్లలు వేషాలు వేసుకుని, మిఠాయిలు అడగడానికి ఇళ్లమీదికి బయల్దేరాలి. ఎనిమిదింటికి మళ్లీ మోగితే ఎక్కడివాళ్లక్కడ ఆపేసి ఇంటికి రావాలి. హాలోవీన్ నాడు వెల్డన్ ఊరి పద్ధతి అది. రెండో సైరన్ మోత ఇంకా పూర్తిగా అణగకముందే టిల్లీ వంటింటి బల్లమీద తన సంచీ బోర్లించేసింది.

"చేతులు వెనక్కి పెట్టుకో. ముందు నేను చూడాలి," అంది జనెల్.

టిల్లీకి ఏడేళ్లు. ఆ పూట తేనెటీగ వేషం. ఒక రెక్క విరిగి వీపుమీద వేలాడుతున్నా పట్టించుకోకుండా గడ్డం బల్లకి ఆనించి తల్లి వేళ్లకేసి చూస్తూ కూచుంది. జనెల్ ఒక్కొక్క మిఠాయే తీసి, దీపం కిందికి తెచ్చి, కాగితం అతుకుమీద బొటనవేలితో నొక్కి చూసి కుడిపక్క పెట్టింది. కాగితం చిరిగినవి, ఎవరో ఇంట్లో చుట్టి ఇచ్చినవి ఎడంపక్క. ఎడంపక్కవి చెత్తబుట్టలోకి. ఎవరేం కలిపిచ్చారో తెలీదని ఏటా ఇదే పని. ఆమె తల్లీ ఇలాగే చూసేది.

"రేలిన్, నీది కూడా బోర్లించు."

రేలిన్ ఫ్రిజ్ పక్కన నిలబడి ఉంది. జనెల్ భర్త కర్ట్‌కి మొదటి భార్యవల్ల పుట్టిన కూతురు. పన్నెండేళ్ల పిల్ల. ఆగస్టులో ఒక భుజం సంచీతో వచ్చింది. తండ్రి రోడ్డు పనికి వేసుకునే నారింజరంగు చొక్కా తగిలించుకుని టిల్లీకి తోడుగా వెళ్లింది. దాని వేషం అదే.

"ఎక్కువేం లేవు," అంది, సంచీ బల్లమీద పెడుతూ.

నిజంగానే అడుగున ఓ గుప్పెడున్నాయి.

"ఒకావిడ 'ఇంతెత్తున ఉన్నావు, సిగ్గులేదూ ఇంకా అడుక్కోడానికి' అంది," అని టిల్లీ చెప్పేసింది. "అప్పట్నించి రేలిన్ ఎవరింటికీ రాలేదు. మెట్ల కిందే నుంచుంది."

"ఎవరావిడ?" అన్నాడు కర్ట్ గుమ్మంలోంచి.

"ఏమో. ఫర్వాలేదులే నాన్నా," అంది రేలిన్.

కర్ట్ వచ్చి రెండు చేతులూ రుద్దుకున్నాడు. "సరే, పన్ను వసూలు టైమైంది. ఇంటి పన్ను, కరెంటు పన్ను, మిమ్మల్ని కన్న పన్ను." టిల్లీ కీచుమంటూ బల్లమీద బోర్లా పడి మిఠాయిల్ని కాపాడుకుంది. కర్ట్ దాని చంక కింద నుంచి ఒక చాక్లెట్ లాగి, అందరికీ చూపించి, నోట్లో వేసుకున్నాడు. జనెల్ కూడా ఒకటి తీసుకుంది. ఇంట్లో పెద్దవాళ్లకి అంతవరకే హక్కు.

తర్వాత రెండు సంచులకీ కాగితం టేపు అంటించి, పేర్లు రాసి, ఫ్రిజ్ మీద పెట్టింది జనెల్. రాత్రి భోజనమయ్యాక తలా రెండు. అడిగి తీసుకోవాలి. ఎవరికి వాళ్లు చెయ్యిపెట్టకూడదు. ఈ మాటలు ఆమె రేలిన్‌కేసి చూసి చెప్పింది. సెప్టెంబరులో పక్క దులుపుతుంటే దాని పరుపు కింద బిస్కెట్ ప్యాకెట్లు దొరికాయి. కర్ట్‌కి చెప్పింది జనెలే.

*

జనెల్ బడి వంటశాలలో పనిచేస్తుంది. ఆరున్నరకల్లా పొయ్యిలు వెలిగించాలి కాబట్టి ఐదున్నరకే లేస్తుంది. కాఫీ దిగేలోపల చెయ్యి ఫ్రిజ్ మీదున్న టిల్లీ సంచీలోకి పోయేది. వెతకనక్కర్లేదు. వేరుశెనగ ముద్ద నింపిన చిన్న చాక్లెట్ గిన్నెలు, నారింజరంగు కాగితంలోవి, పట్టుకుంటేనే తెలుస్తాయి. ఒకటి కాఫీతో, ఒకటి కారులో. బడి లేనినాడు కాఫీతో ఒకటే. కాగితాలు కోటు జేబులో కుక్కి, బడి చెత్తడబ్బాలో పారేసేది.

దీన్ని ఆమె దొంగతనమని ఎప్పుడూ అనుకోలేదు. టిల్లీ పుట్టిన మరుసటేటి నుంచీ జరుగుతున్నదే. అంతంత సంచీలో ఏవి పోయాయో చిన్నపిల్లకేం తెలుస్తుంది? పైగా పళ్లు పాడవ్వకుండా ఉంటాయి. రేలిన్ సంచీ మాత్రం ముట్టేది కాదు. ముట్టకపోవడం తన మంచితనమేనని కూడా అనుకుంది.

అయితే ఈ ఏడు టిల్లీ రెండో తరగతికి వచ్చింది. మిఠాయిలన్నీ రకాలవారీగా లెక్కపెట్టి గళ్ల కాగితంమీద రంగుల స్తంభాలు గీసుకురమ్మంది టీచరు. శనివారం పొద్దున్నంతా టిల్లీ నేలమీద బోర్లా పడుకుని, నాలుక బయటపెట్టి, గీసింది. అన్నిట్లోకీ ఎత్తయిన స్తంభం నారింజరంగుది. పద్నాలుగు గళ్లు. "ఇవి ఆఖర్న తింటా," అంది. "ముందు నచ్చనివన్నీ అయిపోవాలి."

మంగళవారం ఆ కాగితం నక్షత్రం గుర్తుతో తిరిగొచ్చింది. జనెల్ స్వయంగా దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతాలతో అతికించింది. బుధవారం తెల్లారుజామున ఆ కాగితం ముందే నిలబడి, దాని పైనుంచే చెయ్యి చాపి, రెండు తీసుకుంది.

బుధవారం రాత్రి భోజనమయ్యాక టిల్లీ తన రెండూ తీసుకుని, తిన్నవాటి గళ్లు నల్లగా పూడ్చాలని సంచీ మొత్తం బల్లమీద పోసుకుంది. ఒక్కో రకం వరసలో పెట్టింది. నారింజరంగు వరస దగ్గర ఆగిపోయింది. మళ్లీ వేలు పెట్టి లెక్కపెట్టింది.

"నాన్నా, పద్నాలుగుండాలి. ఏడే ఉన్నాయి."

"తినేసుంటావు."

"తిన్లేదు. ఒక్కటి కూడా తిన్లేదు. గళ్లు చూడు."

కర్ట్ లేచి ఫ్రిజ్ దగ్గరికెళ్లి కాగితం చూశాడు. తాపీగా చూశాడు. రోడ్డులో గొయ్యి పడితే ఎక్కణ్ణించి కుంగిందో చూసే మనిషి. తర్వాత రేలిన్‌కేసి తిరిగాడు.

జనెల్ అంట్ల దగ్గర ఉంది. మోచేతులదాకా సబ్బునీళ్లు.

"రేలిన్."

"నేను తియ్యలేదు."

"నేనింకా అడగలేదు."

"అడగబోతున్నావుగా."

"కావాలంటే అడిగితే ఇస్తాంగా. ఈ ఇంట్లో తిండికి లోటు లేదని ఎన్నిసార్లు చెప్పాను? బిస్కెట్లప్పుడు కూడా ఇదే చెప్పాను."

"నేను తియ్యలేదు నాన్నా."

"మరి టిల్లీ తియ్యలేదు, నువ్వు తియ్యలేదు. గోడలు తిన్నాయా?"

ఇప్పుడే చెప్పెయ్యాలి, అనుకుంది జనెల్. నవ్వుతూ చెప్పెయ్యొచ్చు. 'నేనే తిన్నానయ్యా, పన్ను కింద' అంటే సరిపోతుంది, అందరూ నవ్వుతారు. ఒక పళ్లెం కడిగి పెట్టాక చెప్దామనుకుంది. ఆ పళ్లెం పెట్టేసరికి కర్ట్ గొంతు మారిపోయింది. ఇంక నవ్వుతూ చెప్పే వీల్లేదు. తేలు కుట్టిన దొంగలా పెదవి బిగించి, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

"నీ సంచీ టిల్లీకి ఇచ్చెయ్," అన్నాడు కర్ట్. "ఇంకో మాట. శనివారం స్కేటింగూ లేదు, గీటింగూ లేదు."

రేలిన్ మొహంలో రంగు అప్పుడు పోయింది. ఆ ఊరికొచ్చాక దాన్ని ఎవరైనా పిలవడం అదే మొదటిసారి. పైపర్ అనే పిల్ల పుట్టినరోజు, స్కేటింగు హాల్లో. పిలుపు కార్డు పదిరోజులుగా దాని పుస్తకంలోనే ఉంది. రేలిన్ ఏడవలేదు. ఫ్రిజ్ మీంచి తన సంచీ దించి, టిల్లీ ముందు పెట్టి, జనెల్ వీపుకేసి ఒక్క క్షణం చూసి, తన గదికి వెళ్లిపోయింది. ఆ చూపు జనెల్‌కి సింకు పైనున్న కిటికీ అద్దంలో కనపడింది.

*

"దేవుడికి తల్లులు పిల్లల మిఠాయిలు తినడం ఇష్టంలేకపోతే, పిల్లలకి నిద్రెందుకు పెట్టాడంటావు?" అంది లొరెట్టా.

గురువారం. బడి వంటశాలలో బంగాళాదుంప ముక్కల ట్రేలు ఓవెన్లోకి తోస్తున్నారు. లొరెట్టాకి అరవై దాటాయి. తలకి తగిలించుకున్న వల కింద నుంచి తెల్లజుట్టు పీచులా బయటికొస్తుంది. ఆమె మనవల సంచీలోంచి తెచ్చిన చాక్లెట్లు బల్లమీద గిన్నెలో పోసింది. తలా ఒకటి తీసుకుని నవ్వుతున్నారు.

"నేనైతే ఖాళీ కాగితాలు మళ్లీ మడిచి పెట్టేదాన్ని," అంది ఇంకొకామె. "మా పెద్దాడు కాలేజీకెళ్లేదాకా ఖాళీ చాక్లెట్లు కూడా అమ్ముతారనుకున్నాడు."

"నువ్వు తీసుకోవేం అమ్మాయ్?" అంది లొరెట్టా గిన్నె జనెల్ ముందుకి తోసి.

"కడుపు బాలేదు," అంది జనెల్.

అందరూ చేసే పనే అది. అందుకే ఎవరికీ చెప్పుకునే వీల్లేకుండా ఉంది. 'ఓస్, అంతేనా' అంటారు. అంత చిన్న పనిమీద ఒక పిల్లని దొంగని చేశానని ఏ నోటితో చెప్పడం?

పదకొండున్నరకి ఆరో తరగతి వరస వచ్చింది. జనెల్ గరిటెతో ముక్కలు వేస్తోంది. ట్రే, గరిటె, ట్రే, గరిటె. మొహాలు చూడదు. చేతులు చూస్తుంది. గోళ్లు కొరికిన రెండు చేతులు ఒక ట్రే పట్టుకుని ఆగాయి. చూడకుండానే తెలిసింది. అలవాటుగా వేసేదానికంటే ఒక గరిటె ఎక్కువ వేసింది.

"చాలు," అంది రేలిన్.

వెనకున్న పైపర్ ముందుకి వంగింది. పళ్లకి తీగ. "మిసెస్ స్ట్రౌడ్, రేలిన్ శనివారం రాదట. ఎందుకో చెప్పట్లేదు. మీరైనా పంపించొచ్చుగా. మా అమ్మ తలలు లెక్కపెట్టి కేకు చెప్పేసింది."

"అది... వాళ్ల నాన్ననడగాలమ్మా," అంది జనెల్.

రేలిన్ ట్రే తీసుకుని ముందుకి నడిచింది. జనెల్ తర్వాతి ట్రేలో ముక్కలు వెయ్యబోయి బయట పోసింది.

సాయంత్రం ఇంటికి వస్తూ డాలర్ దుకాణం ముందు కారాపింది. హాలోవీన్ సరుకంతా సగం ధరకి గుమ్మం దగ్గరే గంపల్లో పోసుంది. నారింజరంగు చాక్లెట్ల ప్యాకెట్టు ఒకటి కొంది. కారులోనే చింపి ఏడు తీసి జేబులో వేసుకుని, మిగతావి సీటు కిందికి తోసింది. ఇల్లు చేరాక, కోటు విప్పకముందే ఆ ఏడూ టిల్లీ సంచీలో కలిపేసింది. సంచీ మూతి ముడిచి కిందికి దిగేసరికి గుండె తేలికపడింది. టిల్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటుంది. పొరపాటు పడ్డావమ్మా అంటారు. కర్ట్ నాలిక్కరుచుకుంటాడు. శనివారం రేలిన్ స్కేటింగుకి వెళ్తుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

భోజనమయ్యాక టిల్లీ సంచీ పోసుకుంది.

"వచ్చేశాయి," అంది. "నాన్నా, నావి తిరిగొచ్చేశాయి."

"నిన్న సరిగ్గా లెక్కపెట్టి ఉండవు," అంది జనెల్. ముందే అనుకున్న మాట కావడంతో కాస్త తొందరగా వచ్చింది.

"లెక్కపెట్టా. ఇవి వేరేవి. వీటిమీద గబ్బిలాలున్నాయి చూడు. నావాటి మీద లేవు."

కర్ట్ ఒకటి తీసుకుని తిప్పి చూశాడు. డాలర్ దుకాణం కిటికీలో అవే ప్యాకెట్లు వేలాడుతున్నాయి. రేలిన్ బడి నుంచి ఇంటికి నడిచొచ్చే దారి అది. పక్కింటి ముసలాయన వాకిట్లో ఆకులు ఊడ్చి రేలిన్ సంపాదించుకున్న డబ్బులు దాని దగ్గరున్నాయని అతనికి తెలుసు. ఇవన్నీ అతని మొహంలో ఒకదానివెంట ఒకటి కూడుకోవడం జనెల్ చూసింది. ఆపలేకపోయింది.

అతను కుర్చీ జరుపుకుని రేలిన్ పక్కకి వెళ్లాడు.

"నీ డబ్బుతో కొన్నావా?"

రేలిన్ తలెత్తింది. తండ్రికేసి చూడలేదు. బల్లకి అవతల జనెల్‌కేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏదో ఎదురుచూస్తున్నట్టుంది. జనెల్ నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది.

రేలిన్ తల దించుకుంది.

"చెప్పనక్కర్లేదులే," అన్నాడు కర్ట్. అతని గొంతు మెత్తబడిపోయింది. "తప్పు చెయ్యనివాళ్లెవరూ ఉండరు. అడక్కుండా దిద్దుకునేవాళ్లు ఎక్కడోగానీ ఉండరు. దానికి గుండె ధైర్యం కావాలి." పెద్ద మొరటు చెయ్యి దాని నెత్తిమీద పెట్టి అలాగే ఉంచాడు. "నీ సంచీ నువ్వు తీసుకో. శనివారం వెళ్లు. చెల్లికి మాత్రం ఒక్కమాట చెప్పు."

జనెల్ రెండు చేతులతోనూ బల్ల అంచు పట్టుకుంది.

"సారీ టిల్లీ," అంది రేలిన్.

"ఫర్వాలేదు," అంది టిల్లీ, చాలా పెద్దమనసుతో. "నీకో గబ్బిలం ఇస్తా తీసుకో."

రేలిన్ దాన్ని తీసుకుని, కాగితం విప్పి, అందరిముందూ తింది.

*

స్కేటింగు హాలు పక్క ఊళ్లో ఉంది. పదకొండు మైళ్లు. శనివారం మధ్యాహ్నం రేలిన్ ముందు సీట్లో కాగితంలో చుట్టిన కానుక ఒళ్లో పెట్టుకుని కూచుంది. రోడ్డుకి రెండుపక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు. జనెల్ మొదటి మైల్లోనే చెప్దామనుకుంది. ధాన్యం గిడ్డంగి దాటాక అనుకుంది. వంతెన దాటాక అనుకుంది. హాలు బోర్డు కనపడేసరికి ఇంక దాటడానికేమీ మిగల్లేదు. కారు పక్కకి తీసి ఆపింది.

"రేలిన్, ఆ చాక్లెట్లు నేనే తిన్నాను. మళ్లీ కొన్నది కూడా నేనే."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మంగళవారం పొద్దున చూశాను. మంచినీళ్లకి లేచా. మీరు ఫ్రిజ్ దగ్గరున్నారు."

జనెల్ స్టీరింగ్ మీంచి చేతులు తీసేసింది. "మరి ఆ రోజు మీ నాన్న అంతలేసి మాటలంటుంటే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అక్కడే ఉన్నారుగా," అంది రేలిన్.

బయట పిల్లలు కార్లలోంచి దూకి హాల్లోకి పరిగెడుతున్నారు. రేలిన్ కానుకమీద కాగితపు రిబ్బను సర్దుతోంది.

"చెప్తారనుకున్నా. తర్వాత, నేను చెప్తే మీరిద్దరూ పోట్లాడుకుంటారనిపించింది. మా అమ్మా వాళ్ల ఇంట్లో అలాగే అయింది. ఎవరు పోట్లాడుకున్నా ఆఖరికి నన్నే ఎక్కడికో ఒకచోటికి పంపిస్తారు."

"నిన్నెవరూ పంపించరు."

రేలిన్ రిబ్బను ముడి ఇంకోసారి బిగించింది.

"ఇవాళ ఇంటికెళ్లగానే మీ నాన్నకి చెప్పేస్తాను. ఉన్నదున్నట్టు చెప్తాను."

"వద్దు," అంది రేలిన్ వెంటనే. అంతసేపట్లో దాని గొంతు పెరగడం అదొక్కసారే. "చెప్పకండి. ప్లీజ్."

"అదేంటి? నువ్వు దొంగవి కాదని తెలియాలిగా."

"గుండె ధైర్యం కావాలన్నాడు కదా. నన్ను." కిటికీవైపు తిరిగిపోయింది. "ఎప్పుడూ అన్లేదు అలాగ. నిన్న పొద్దున కూడా బడికెళ్లేప్పుడు నెత్తిమీద చెయ్యి పెట్టాడు. మీరు చెప్తే అది నాది కాదుగా ఇంక."

ఈలోగా పైపర్ హాలు గుమ్మంలోంచి చేతులూపింది. రేలిన్ తలుపు తీసుకుని దిగింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "నాలుగింటికి," అని గుర్తుచేసి, పరిగెత్తింది. అది అలా పరిగెత్తడం జనెల్ అంతవరకూ చూడలేదు.

తిరిగి వచ్చే దారిలో ఆమె మనసు రెండుసార్లు తేలికపడింది. రెండుసార్లూ ఆమెకి భయమేసింది. పిల్లే వద్దంది. పిల్ల కోరికే అది. చెప్పకుండా ఉండటమే ఇప్పుడు దయ. ఎంత చక్కగా అమరింది. ఆ పన్నెండేళ్ల పిల్ల అడిగిందీ, తనకి కావలసిందీ ఒక్కటే అయిపోయాయి. అలా అమరిందనే ఆమెకి నమ్మకం కుదరలేదు. పరుపు కింద బిస్కెట్లు దొరికిననాడు కూడా దాని మంచికేననుకుని వెళ్లి చెప్పింది. ఇవాళ దాని మంచికేననుకుని నోరుమూసుకుంటే, ఆ రెండింట్లో దేనికీ తనకి అయ్యే ఖర్చేమీ లేదు.

కర్ట్ ఇంటిముందు తన ట్రక్కుకి మంచు తోసే రేకు బిగిస్తున్నాడు. మోకాళ్లమీద కూచుని, పళ్లతో ఒక నట్టు పట్టుకుని, రెండు చేతులతో రెంచి తిప్పుతున్నాడు. టిల్లీ పక్కింట్లో ఆడుకుంటోంది. జనెల్ కారు దిగి అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"దింపావా? సంతోషంగా వెళ్లిందా?" అన్నాడు నట్టు నోట్లోంచి తీసి.

"వెళ్లింది. కర్ట్, ఆ చాక్లెట్లు రేలిన్ తియ్యలేదు. నేను తిన్నాను. రోజూ పొద్దున్నే."

అతను నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగాడు.

"మరి దుకాణంలో కొన్నవి?"

"అవీ నేనే. నువ్వు అడిగినప్పుడు చెప్పలేదు. రెండుసార్లు అడిగావు, రెండుసార్లూ చెప్పలేదు."

అతను రెంచి నేలమీద పెట్టాడు. కోప్పడతాడని ఆమె కాచుకుని ఉంది. కోప్పడితే బాగుండుననిపించింది. అతను లేచి రేకుమీద కూచుని, చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి విప్పాడు.

"మరైతే అది సారీ ఎందుకు చెప్పింది?" అన్నాడు.

"మనం చెప్పమన్నాం కదా."

పక్కింటి పెరట్లోంచి టిల్లీ కేకలు వినపడుతున్నాయి. కర్ట్ తొడుగులు ఒళ్లో పెట్టుకుని తన అరచేతికేసి చూసుకున్నాడు.

"అది నీకు చెప్పొద్దంది," అంది జనెల్. "నువ్వన్న ఆ మాట పోతుందని. అయినా చెప్పాను. మంచి చేశానో చెడ్డ చేశానో నాకు తెలీదు."

"నాలుగింటికి నేను వెళ్తాలే," అన్నాడు కర్ట్. జేబులోంచి తాళాలు తీశాడు. టైము చూశాడు. రెండున్నర. తాళాలు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి మళ్లీ తీశాడు.

"వెళ్లి ఏమని మొదలెట్టాలి?"

జనెల్ అతని పక్కన రేకుమీద కూచుంది. చల్లగా తగిలింది.

"నాకు పదకొండు మైళ్లు పట్టింది," అంది. "ఇప్పుడే బయల్దేరు."